గొంతు గొట్టం సంరక్షణ: మా నర్సులు బొమ్మపై ఎందుకు అభ్యాసం చేస్తారు?



మా ఆస్పత్రి సర్జికల్ వార్డు చివరి గదిలో మంచం మీద ఒక బొమ్మ ఉంటుంది. నడుము వరకే ఉన్న బొమ్మ, కాళ్లు లేవు. మెడ ముందు భాగంలో ఒక రంధ్రం, అందులో ఒక గొట్టం, ఆ గొట్టం జారిపోకుండా మెడ చుట్టూ కట్టిన తెల్లని నాడా. మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ నలుగురైదుగురు సిస్టర్లు దాని చుట్టూ చేరి, ఒకరు కేక వేస్తూ, ఒకరు పరుగెత్తుతూ, ఒకరు గడియారం చూస్తూ కనబడతారు. చూడవచ్చిన బంధువులు తలుపు దగ్గర ఆగి, "సిస్టరమ్మా, ఈ వయసుల బొమ్మలాట ఏంది?" అని నవ్వుతూ అడుగుతారు. కొందరు నవ్వకుండా కూడా అడుగుతారు. తమ మనిషి జబ్బుతో పడుకుని ఉండగా నర్సులు బొమ్మ దగ్గర నిలబడి ఉంటే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. తలుపు దగ్గర రెండు మాటల్లో చెప్పలేనిది ఈ సంచికలో కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

ఆ బొమ్మ మెడలో ఉన్నదానిని ట్రకియాస్టమీ ట్యూబు అంటారు. మన దగ్గర "గొంతుకు పైపు వేసిండ్రు" అంటే అందరికీ అర్థమవుతుంది. ఆ పైపు ఉన్న రోగిని చూసుకోవడం ఎలాగో నేర్చుకోవడానికే ఆ బొమ్మ.

గొట్టం ఎవరికి వేస్తారు?

మనం ముక్కుతో పీల్చిన గాలి గొంతు దాటి, స్వరపేటిక గుండా శ్వాసనాళంలోనికి దిగి ఊపిరితిత్తులకు చేరుతుంది. పెద్దవారిలో ఈ శ్వాసనాళం సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. గొంతు ముడికి కింద వేళ్లతో మెల్లగా తడిమితే ఒకదాని కింద ఒకటి గట్టి ఉంగరాల వలె తగులుతుంది. రెండవ ఉంగరానికి, నాలుగవ ఉంగరానికి మధ్య డాక్టరుగారు చిన్న ద్వారం చేసి, వంపు తిరిగిన గొట్టాన్ని అమర్చుతారు. అప్పటి నుండి గాలి ముక్కుతో, నోటితో పని లేకుండా నేరుగా మెడ నుండే వస్తూ పోతూ ఉంటుంది.

రాజీవ్ రహదారి మీద ప్రమాదం జరిగి తలకు దెబ్బ తగిలి, రోజుల తరబడి స్పృహ రానివారు ఉంటారు. పురుగుల మందు తాగి, ఊపిరి తీసే కండరాలే బలహీనపడి వెంటిలేటరు మీద ఉన్నవారు ఉంటారు. కట్లపాము కరిచినవారిలో కూడా అదే జరుగుతుంది. గనిలో పైకప్పు పెళ్ల మీద పడి మెడ వెన్నుపూస దెబ్బతిన్నవారు, బీడీ, గుట్కా అలవాటుతో గొంతు కాన్సరు వచ్చినవారు, 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్‌తో వారాల తరబడి వెంటిలేటరు మీద గడిపినవారు, వీరందరిలో కొందరికి ఈ గొట్టం అవసరమైంది. నోటిగుండా వేసిన గొట్టంతో ఎక్కువ రోజులు ఉంచడం మంచిది కాదు కనుక, వారం పది రోజులు దాటి వెంటిలేటరు అవసరమయ్యేట్లుంటే డాక్టర్లు మెడ గొట్టం గురించి ఆలోచిస్తారు. "గొంతు కోసిండ్రు, ఇక మనిషి దక్కడు" అని కొందరు ఏడుస్తారు. అది నిజం కాదు. చాలామందికి జబ్బు తగ్గిన తరువాత గొట్టం తీసివేస్తారు, రంధ్రం దానంతట అదే మూసుకుంటుంది.

మన ప్రాంతం సంగతి వేరుగా చెప్పాలి. గోదావరిఖని, రామగుండం, మంథని వైపు నుండి పెద్ద దెబ్బ తగిలినవారిని హైదరాబాదుకు పంపుతారు. అక్కడ గొట్టం వేస్తారు, ప్రాణం నిలబడుతుంది, కొన్ని వారాల తరువాత గొట్టంతోనే ఇంటికి పంపుతారు. హైదరాబాదు ఇక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరం. రాత్రి రెండు గంటలకు కాలనీ క్వార్టరులో ఆ గొట్టం మూసుకుపోతే, దానిని వేసిన డాక్టరు అందుబాటులో ఉండరు. ఉండేది భార్య, కొడుకు, కోడలు, లేదా దగ్గరలోని ఆస్పత్రిలో నైట్ డ్యూటీ సిస్టరు.

గొట్టం వల్ల పోయేవి మూడు

ముక్కు కేవలం వాసన చూడటానికి లేదు. లోపలికి పోయే గాలిని అది తడి చేస్తుంది, వెచ్చబరుస్తుంది, దుమ్మును వడకడుతుంది. గొట్టం ఉన్నవారికి ఈ మూడు పనులూ ఉండవు. పొడి గాలి, దుమ్ముతో సహా, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. వేసవిలో 45 డిగ్రీలు తాకే రోజుల్లో, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లున్నవారి సంగతి ఆలోచించండి. తెమడ చిక్కబడుతుంది, తరువాత గొట్టం లోపలి గోడకు అట్టకడుతుంది, చివరకు ఎండిన బంక వలె గొట్టాన్ని మూసివేస్తుంది. గొట్టం లోపలి దారి చిటికెన వేలంత కూడా ఉండదు. పెద్దవారికి వాడే 8 నంబరు గొట్టం లోపలి వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లు మాత్రమే.

రెండవది దగ్గు. మనం దగ్గేటప్పుడు ముందు స్వరతంత్రులు మూసుకుని, లోపల ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా గాలి బయటకు తన్నుకువస్తుంది. గొట్టం ఉన్నవారికి ఆ ఒత్తిడి నిలవదు. దగ్గు బలహీనంగా ఉంటుంది. అందుకే తెమడను మనమే సక్షన్ మెషీనుతో తీయవలసి వస్తుంది.

మూడవది మాట. గాలి స్వరపేటికను తాకకుండానే బయటకు పోతుంది కనుక మాట రాదు. దీని ప్రమాదం చాలామంది గుర్తించరు. ఊపిరి అందని మామూలు మనిషి కేక వేస్తాడు. ఈ రోగి కేక వేయలేడు. పక్క మంచం మీద ఉన్నవారికి కూడా వినబడకుండా అతను అల్లాడిపోతాడు. మెదడుకు ప్రాణవాయువు అందకపోతే సుమారు నాలుగు నిమిషాల్లో నష్టం మొదలవుతుంది. ఆ నిమిషాల్లో పుస్తకం తెరిచి చూడటానికి గాని, పెద్ద సిస్టరును ఫోనులో అడగడానికి గాని సమయం ఉండదు. అప్పటికే చేతికి వచ్చి ఉన్న పనే జరుగుతుంది.

పళ్ల మీద, బొమ్మల మీద

మేము జనరల్ నర్సింగ్ చదివిన రోజుల్లో మొదటి ఇంజెక్షను బత్తాయి పండుకు చేసేవాళ్లం. సూది దిగేటప్పుడు ఆ తొక్క పట్టు చర్మం పట్టులాగానే ఉంటుంది. అది కొత్త సంగతేమీ కాదు. మన సుశ్రుత సంహితలో ఈ అభ్యాసం కోసమే ఒక అధ్యాయం ఉంది. కోత నేర్చుకోవడానికి సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ వంటివి, గాటు పెట్టడం నేర్చుకోవడానికి నీరు నింపిన తోలు సంచి, కట్టు కట్టడం నేర్చుకోవడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ వాడమని అందులో చెప్పారు. శాస్త్రం చదివినవాడైనా చేతితో అభ్యాసం చేయనిదే పనికి తగడని ఆ పెద్దలకు తెలుసు.

నర్సుల కోసం ప్రత్యేకంగా చేసిన బొమ్మ 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సింగ్ పాఠశాలకు వచ్చింది. మార్తా చేజ్ అనే బొమ్మలు చేసే ఆమె దానిని తయారుచేసింది కనుక "మిసెస్ చేజ్" అని పేరు వచ్చింది. 1960లో నార్వే దేశంలో ఆటవస్తువులు తయారుచేసే ఆస్మండ్ లేర్డాల్, నోటితో ఊపిరి ఊదడం నేర్పే బొమ్మను తెచ్చాడు. నేడు లోకమంతటా గుండె ఆగినప్పుడు చేసే చికిత్సను ఆ బొమ్మ సంతతి మీదనే నేర్పుతున్నారు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన కొత్త బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యక్రమంలో కూడా ఇటువంటి అభ్యాసానికి గంటలు కేటాయించారు. దీనికి సిమ్యులేషన్ అని పేరు. నిజం కానిదానిని నిజమైనట్లు ఏర్పాటు చేసి, అందులో పని నేర్పడం అని అర్థం.

సింగరేణి కుటుంబాలకు ఇది మేము చెప్పనక్కరలేదు. కొత్తగా ఉద్యోగం వచ్చినవాడిని తీసుకువెళ్లి నేరుగా బాయిలో దింపరు. 1966 నాటి నియమాల ప్రకారం ముందు వి.టి.సి.లో శిక్షణ పూర్తిచేయాలి. రెస్క్యూ జట్టులో ఉన్నవారిని అడిగి చూడండి. గని లోపలి దారి వలె కట్టిన గ్యాలరీలో పొగ నింపి, వేడి పెంచి, వీపున ఊపిరి యంత్రం తగిలించి, ఆ చీకటిలో బరువులు మోయిస్తారు. నిజంగా గనిలో మంట రేగిన రోజున మొదటిసారి ఆ యంత్రం తగిలించుకున్నవాడు ఎవరినీ కాపాడలేడు, తానే కాపాడబడవలసినవాడు అవుతాడు. మా బొమ్మ గది కూడా అటువంటి గ్యాలరీయే. ఇక్కడ పొగ లేదు, అంతే తేడా.

పూర్వం ఆస్పత్రుల్లో పద్ధతి వేరుగా ఉండేది. పెద్ద సిస్టరు చేస్తుంటే చిన్న సిస్టరు చూసేది, తరువాత రోగి మీద తాను చేసేది. రోజువారీ సక్షన్‌కు ఆ పద్ధతి సరిపోతుంది. గొట్టం మూసుకుపోవడం, ఊడిరావడం రోజూ జరిగేవి కావు. ఏడాదిలో ఒకసారో రెండుసార్లో, అదీ ఎవరి డ్యూటీలో వస్తుందో తెలియదు. పదేళ్లు వార్డులో ఉన్న సిస్టరు కూడా దానిని చూడకపోవచ్చు, నిన్న చేరిన అమ్మాయికి మొదటి రాత్రే ఎదురుకావచ్చు. అరుదుగా వచ్చి, వస్తే నిమిషాల్లో ప్రాణం తీసే సంగతులనే బొమ్మ మీద నేర్పాలని మా అభిప్రాయం.

ఒక మధ్యాహ్నం అభ్యాసం

పెద్ద నగరాల్లో ఊపిరి తీసే, కళ్లు ఆర్పే, నాడి కొట్టుకునే బొమ్మలు ఉన్నాయి. వాటి ధర లక్షల్లో ఉంటుంది. మా బొమ్మ అటువంటిది కాదు. పాత శిక్షణ బొమ్మ మెడకు వెంటిలేటరు మడతల గొట్టం ముక్క అమర్చి, పైన ఫోము, దాని మీద రబ్బరు చర్మం అతికించాము. ఊపిరితిత్తికి బదులు రబ్బరు సంచి. తెమడకు సగ్గుబియ్యం జావ, చిక్కగా కావాలంటే రాత్రి మిగిలిన గంజి. గంజి ఎండితే అచ్చం ఎండిన తెమడలాగానే అట్టకడుతుంది. ఈ ఒక్క పనికి లక్షల బొమ్మ కన్నా గంజి నయమని మేము అనుకుంటాము.

సిస్టర్లు బొమ్మను "పెద్దాయన" అని పిలుస్తారు. ఒక నియమం పెట్టుకున్నాము: పెద్దాయనను తాకే ముందు చెప్పి తాకాలి. "పెద్దాయనా, గొట్టంలో తెమడ తీస్తున్నాను, కొంచెం దగ్గు వస్తుంది, భయపడకండి" అనాలి. బొమ్మకు చెప్పడం అలవాటైన నోరు మనిషికి చెప్పడం మరువదు.

అభ్యాసం ఇలా సాగుతుంది. ఒక సిస్టరు పెద్దాయన భార్య వేషం వేస్తుంది. ఇద్దరు డ్యూటీ సిస్టర్లు. ఒకరు సంచి నొక్కుతూ ఊపిరి ఆడిస్తారు. ఉన్నట్టుండి ఊపిరి ఆపుతారు. భార్య వేషంలో ఉన్నామె, "సిస్టరమ్మా! మా ఆయన ఎట్లనో చేస్తున్నడు!" అని చేయి పట్టుకుని గుంజుతుంది. ఇది నాటకం కోసం కాదు. నిజంగా జరిగేటప్పుడు ఆ గుంజుడు ఉంటుంది, ఆ గోలలో కూడా చేతులు పని చేయాలి.

మొదట సహాయం కోసం పిలవాలి. ఒంటరిగా చేద్దామనుకోరాదు. తరువాత నోటి దగ్గర, గొట్టం దగ్గర, రెండు చోట్లా గాలి ఆడుతున్నదా చూడాలి. ఆక్సిజన్ కూడా రెండు చోట్లా, ముఖానికీ మెడకూ పెట్టాలి. గొట్టానికి తగిలించిన మూత, వాల్వు ఏదైనా ఉంటే తీసివేయాలి. లోపలి చిన్న గొట్టాన్ని బయటకు లాగాలి. చాలాసార్లు అడ్డం అందులోనే ఉంటుంది, అది తీయగానే ఊపిరి వస్తుంది. రాకపోతే సక్షన్ గొట్టం లోపలికి పంపి చూడాలి. అది పోతే దారి ఉన్నట్లు, తెమడ తీయాలి. పోకపోతే గొట్టం చుట్టూ ఉన్న గాలి బుడగను, అనగా కఫ్‌ను, దించాలి. పక్క నుండి గాలి పోతుందేమో చూడాలి. అప్పటికీ ఊపిరి ఆడకపోతే?

ఇక్కడే చేతులు ఆగిపోతాయి. అప్పుడు గొట్టాన్ని పూర్తిగా తీసివేయాలి. ఇన్ని రోజులు ఏ గొట్టం ఊడిపోకూడదని కంటికి రెప్పలా కాపాడారో దానినే తీయమంటే సిస్టర్ల చేయి ముందుకు రాదు. గడియారం చూసే సిస్టరు "ఒక నిమిషం... ఒకటిన్నర..." అని లెక్క చెబుతూ ఉంటుంది. మూసుకుపోయిన గొట్టం ఇక గొట్టం కాదు, సీసాకు పెట్టిన బిరడా. దానిని తీసి, మెడ రంధ్రాన్ని గుడ్డతో మూసి, నోటి మీద మాస్కు పెట్టి సంచితో ఊపిరి ఇవ్వవచ్చు. లేదా రంధ్రం మీదనే చిన్న మాస్కు పెట్టి ఇవ్వవచ్చు. గొట్టం వేసిన మొదటి వారంలోనైతే మరింత జాగ్రత్త కావాలి. దారి ఇంకా కుదురుకోలేదు కనుక ఊడిన గొట్టాన్ని గుడ్డిగా లోపలికి తోస్తే అది శ్వాసనాళం పక్కన మాంసంలోనికి దిగిపోవచ్చు. ఇవన్నీ చదివితే ఐదు నిమిషాల్లో అర్థమవుతాయి. చేతికి రావడానికి పెద్దాయన చాలాసార్లు "చనిపోవలసి" వస్తుంది. ఆయన చనిపోయినా పరవాలేదు, గంజి కడిగి మళ్లీ పడుకోబెడతాము.

అయిపోయాక అందరం కూర్చుంటాము. ఎవరు తప్పు చేశారు అని అడగము. ఏమి చూశావు, అప్పుడు ఏమనుకున్నావు, ఎక్కడ చేయి ఆగింది అని అడుగుతాము. ఈ మాటలకే అభ్యాసం కన్నా ఎక్కువ సమయం పడుతుంది. చిన్న సిస్టరు కూడా పెద్ద సిస్టరుతో "మీరు ఆక్సిజన్ మెడకు పెట్టారు, ముఖానికి పెట్టలేదు" అని చెప్పగలగాలి. మన దగ్గర పెద్దవారికి ఎదురు చెప్పడం అంత తేలిక కాదు, అందుకే అది కూడా అభ్యాసం చేయించవలసిన సంగతే. తరువాత వెంటనే మరోసారి చేస్తాము. కొన్ని నెలలు చేయకపోతే నేర్చుకున్నది చేతిలో నుండి జారిపోతుంది కనుక పాత సిస్టర్లకు మినహాయింపు లేదు.

బొమ్మ గదిలోనే కాక అప్పుడప్పుడు వార్డులో నిజమైన మంచం దగ్గర కూడా బొమ్మను పెట్టి చేస్తాము. సక్షన్ మెషీను వైరు ప్లగ్గుకు అందుతుందా, ఒక సైజు చిన్న గొట్టం మంచం దగ్గర ఉందా లేక బీరువాలో తాళం వేసి ఉందా, రాత్రి లైటు ఆ మూలకు సరిపోతుందా, ఇవి అక్కడ చేస్తేనే తెలుస్తాయి.

ఎర్ర కార్డు, ఆకుపచ్చ కార్డు

2011లో బ్రిటన్‌లో మత్తు డాక్టర్లు దేశమంతటి ఆస్పత్రుల్లో శ్వాసమార్గానికి సంబంధించిన ప్రమాదాలను పోగుచేసి ఒక పెద్ద నివేదిక వేశారు. ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో మరణానికి, తీవ్ర నష్టానికి ముఖ్య కారణంగా తేలింది మెడ గొట్టం చోటు తప్పడమే. అన్ని సౌకర్యాలున్న దేశం సంగతి అది. ఆ మరుసటి సంవత్సరం, 2012లో, మాంచెస్టర్ డాక్టరు బ్రెండన్ మెక్‌గ్రాత్, ఆయన తోటివారు కలిసి ఇటువంటి అత్యవసరంలో ఏది ముందు, ఏది తరువాత అని వరుస క్రమం ప్రచురించారు. పైన మేము చెప్పిన క్రమం దానిని అనుసరించినదే.

దానితోపాటు మంచం తల దగ్గర రంగు కార్డు పెట్టమన్నారు. ఆకుపచ్చ కార్డు ఉంటే నోటి దారి కూడా ఉన్న రోగి. ఎర్ర కార్డు ఉంటే గొంతు కాన్సరు వల్ల స్వరపేటిక పూర్తిగా తీసివేసిన రోగి. అతని నోటికి, ఊపిరితిత్తులకు ఇప్పుడు సంబంధమే లేదు. నోటి మీద ఎంత ఆక్సిజన్ పెట్టినా ఒక్క చుక్క కూడా లోపలికి పోదు. మెడ రంధ్రమే అతని ముక్కు. ఇద్దరూ చూడటానికి ఒకేలాగా ఉంటారు. మీ ఇంటివారికి స్వరపేటిక తీసివేసి ఉంటే, ఏ ఆస్పత్రికి వెళ్లినా, ఏ అంబులెన్సు ఎక్కినా మొట్టమొదట ఈ మాట చెప్పండి.

బొమ్మ నేర్పలేనివి

బొమ్మకు కళ్లు తిరగవు, చెమట పట్టదు, చేయి పట్టుకుని "నన్ను వదిలిపోకు" అన్నట్లు చూడదు. గొట్టం ఉన్న మనిషి భయం బొమ్మ దగ్గర నేర్చుకోలేము. అది మంచం పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. మాట రాని మనిషికి చెవులు బాగానే వినబడతాయి. అయినా వచ్చినవారంతా అతని ముఖం దగ్గర గట్టిగా అరుస్తారు, లేదా అతను లేనట్లే అతని సంగతి మాట్లాడుకుంటారు. పరామర్శకు వచ్చే సంఘస్థులకు మా మనవి ఏమనగా, ఇద్దరు ముగ్గురు చొప్పున రండి, అవును కాదు అని తల ఊపి చెప్పగలిగే ప్రశ్నలు అడగండి, జవాబు కోసం ఆగండి. చదువు వచ్చినవారికి పలక ఇవ్వండి. రానివారికి నీళ్లు, నొప్పి, దుప్పటి, బాత్రూము బొమ్మలు గీసిన అట్ట చాలు. చేతికి అందేలా ఒక గంట తప్పనిసరిగా ఉండాలి.

ఒక ప్రమాదం ప్రేమ వల్లనే వస్తుంది. "ఒక్క మాట మాట్లాడు నాయనా" అని గొట్టాన్ని వేలితో మూసేవారు ఉంటారు. కఫ్‌లో గాలి నింపి ఉంటే అప్పుడు గాలికి ఏ దారీ ఉండదు. మాట్లాడే వాల్వు కూడా కఫ్ దించిన తరువాతే పెట్టాలి. దీనిని కూడా బొమ్మ మీద చూపిస్తాము. ఒకసారి సంచి ఉబ్బకుండా ఆగిపోవడం చూసినవారు మళ్లీ ఆ పని చేయరు.

ఇంటికి వెళ్లే ముందు

గొట్టంతో ఇంటికి వెళ్లే రోగి కుటుంబంలో కనీసం ఇద్దరు ఈ పని నేర్చుకోవాలి. ఒక్కరు నేర్చుకుంటే చాలదు. బాయికి పోయే కొడుకు ఒక్కడే నేర్చుకుంటే, అతను నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరు? మేము చూపించిన తరువాత మీరు పెద్దాయన మీద చేస్తారు, ఆ తరువాత మేము పక్కన ఉండగా మీ మనిషికి చేస్తారు. మేము నోరు తెరవకుండా మూడుసార్లు సరిగా చేస్తే అప్పుడు నమ్మకం కుదురుతుంది. "డిశ్చార్జి త్వరగా ఇవ్వండమ్మా, ఇంటి దగ్గర చూసుకుంటం" అని తొందరపెట్టేవారు ఉన్నారు. బిల్లు భయం, పనికి పోలేని భయం మాకు తెలుసు. అయినా ఈ రెండు మూడు రోజులు మాత్రం తగ్గించమని అడగవద్దు.

సక్షన్ గురించి ముఖ్యమైనవి చెబుతాము. చేతులు సబ్బుతో కడగాలి. సక్షన్ గొట్టం వెడల్పు మెడ గొట్టం లోపలి వెడల్పులో సగానికి మించరాదు, 8 నంబరు గొట్టానికి 12 నంబరు సక్షన్ గొట్టం సరిపోతుంది. లోపలికి పంపేటప్పుడు పీల్చనివ్వరాదు, బయటకు తీసేటప్పుడే పీల్చాలి. అంతా 10 నుండి 15 సెకన్లలో అయిపోవాలి. మా సిస్టర్లకు చెప్పే ఉపాయం ఒకటి ఉంది: గొట్టం లోపలికి పంపేటప్పుడు మీ ఊపిరి మీరు బిగబట్టండి. మీకు ఊపిరి కావాలనిపించిందంటే ఆయనకు కూడా కావాలి, బయటకు తీయండి. గంటకొకసారి అని లెక్కపెట్టి సక్షన్ చేయనక్కరలేదు, గరగర శబ్దం వచ్చినప్పుడు, తెమడ కనబడినప్పుడు చేయాలి. పూర్వం ప్రతిసారీ సెలైన్ చుక్కలు వేసి తీసేవారు. ఇప్పుడు దానిని రివాజుగా చేయవద్దంటున్నారు. గాలిని తడిగా ఉంచడం, డాక్టరు చెప్పినంత నీరు ఇవ్వడం దానికన్నా మేలు.

లోపలి చిన్న గొట్టాన్ని రోజుకు కొన్నిసార్లు తీసి కడగాలి, వేసవిలో ఇంకా ఎక్కువసార్లు. మెడ నాడా కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. అంతకన్నా వదులైతే దగ్గినప్పుడు గొట్టం ఊడుతుంది, బిగువైతే మెడ పుండు పడుతుంది. కఫ్‌లో గాలిని చేతి అంచనాతో నింపవద్దు. దాని ఒత్తిడి సుమారు 20 నుండి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి, దానిని కొలిచే మీటరు మా దగ్గర ఉంది. రోగి మంచం దగ్గర అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, కత్తెర, టార్చిలైటు ఉంచాలి. కరెంటు పోతే ఆగిపోకుండా కాలితో తొక్కే సక్షన్ కూడా ఉంటే మంచిది.

ఆ గదిలో బీడీ, కట్టెల పొయ్యి, దోమల చుట్ట, అగరుబత్తి, సాంబ్రాణి పొగ వద్దు. ముఖానికి పౌడరు కొట్టవద్దు. రంధ్రం దగ్గర దూది పెట్టవద్దు, పోగులు లోపలికి పోతాయి. తల మీద నుండి నీళ్లు పోయవద్దు. గోదావరి స్నానం, బావిలో, చెరువులో దిగడం పూర్తిగా నిషిద్ధం. ముంచడం ద్వారా బాప్తిస్మము కోరేవారు ముందుగా పాస్టరుగారితోను, డాక్టరుగారితోను మాట్లాడవలెను.

గొట్టం నుండి తాజా రక్తం వచ్చినా, అది కొంచెమే అయినా, ఆగిపోయినా, ఆస్పత్రికి రావాలి. ఊపిరికి పక్కటెముకలు లోపలికి గుంజుకుంటున్నా, పెదవులు నీలిబడుతున్నా, లోపలి గొట్టం తీసి సక్షన్ చేసినా తేలిక పడకపోయినా 108కి ఫోను చేయండి. "గొంతుకు పైపు ఉన్న మనిషి, ఊపిరి ఆడుతలేదు" అని మొదటి మాటగా చెప్పండి. అంబులెన్సు వచ్చేదాకా ఒకరు రోగి దగ్గరే ఉండి, మేము నేర్పిన క్రమం చేస్తూ ఉండాలి.

గొట్టం వేరే ఆస్పత్రిలో వేసి ఉన్నా, మీ కుటుంబంవారు వచ్చి పెద్దాయన మీద నేర్చుకోవచ్చు. సర్జికల్ వార్డు ఇన్‌చార్జి సిస్టరును అడిగి మధ్యాహ్నం వేళ రండి. వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితము, గొట్టం కంపెనీ పేరు, నంబరు వ్రాసి ఉన్న పెట్టె తీసుకురండి. పెట్టె పారవేసి ఉంటే గొట్టం రెక్క మీద కూడా ఆ నంబరు అచ్చు వేసి ఉంటుంది, టార్చిలైటు వేసి చూసి వ్రాసుకుని రండి.